గాలి లెక్కలో పిల్లి

(‘ఊపిరాడే ఇల్లు’ సీరియల్: పద్నాలుగో భాగం)

పోయిన వారం టేపుని ఒకరి పడగ్గదిలో ముక్కు మూయించి నిలబెట్టి, మనం మన పనులు చూసుకున్నాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది. ఇక ఆలస్యం చేస్తే బాగుండదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి ముందు నాలుగు ముక్కలు. టేపు అంటే మనిషే. నడుముకి కొలతల టేపు లేకుండా ఎవరికీ కనపడదని బాబాయి పెట్టిన పేరు, అదే ఖాయమైపోయింది. తండ్రి పోయాక ఆమెను చేరదీసి, చదివించి, తన సంస్థలో పనిలో పెట్టింది ఆ బాబాయే. పనేమిటంటే ఇళ్ళని కొలవడం. గోడలూ కిటికీలూ కొలిచి, వీధి తలుపులో పెద్ద ఫ్యాను బిగించి, సందుల్లోంచి ఇంట్లోకి ఎంత గాలి దూరుతోందో చూసి, ఆ అంకెలన్నీ సాఫ్ట్‌వేరులో ఎక్కించాలి. అది తెర మీద ఇంటి బొమ్మ గీసి, వేడి ఎక్కడెక్కడ కారిపోతోందో ఎర్రగా చూపిస్తుంది. ఏ సందు మూస్తే, ఏ అద్దం మారిస్తే గ్యాసు ఎంత ఆదా అవుతుందో చెబుతుంది. ఆఫీసులో అందరూ దాన్ని ‘జాతకం’ అంటారు. ‘ఆ మేడింటి జాతకం వేశావా?’ అనడమే గానీ దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందులో గాలి రాకపోకలు చూసే భాగానికి ‘గాలి లెక్క’ అని పేరు. ఆ మాట వినగానే బయటివాళ్ళు కిసుక్కుమంటారు. టేపుకి ఒళ్ళు మండుతుంది. ఇంట్లో మనిషి ఊపిరి ఆ లెక్క మీద ఆధారపడి ఉందని ఆమె గట్టి నమ్మకం.

బాబాయి కూతురు, అంటే టేపుకి చెల్లెలు, బాలింత. దాని ఇంటికి సందులు మూసే పని నిన్ననే అయింది. మనవరాలికి చలి తగలకూడదని బాబాయి తనే ఫ్యాను భుజాన వేసుకుని వెళ్ళి ఆ ఇల్లు కొలిచి వచ్చాడు. ఆయన ఫ్యాను ముట్టుకుని ఎన్నేళ్ళయిందో, ఆఫీసంతా ముక్కున వేలేసుకుంది. ఇక ఈ పడగ్గది మాత్రం చెల్లెలిది కాదు, రిటైరైన ఒక టీచరుగారిది. చలి మొదలైన కొత్తలో ఆవిడ ఇంటికి సందులు మూశారు. అప్పుడు ఆ ఇల్లు కొలిచింది టేపు కాదు, ఆఫీసులో వేరేవాళ్ళు. ‘నా ఇంటికి ఏదో అయింది, వచ్చి చూడండి’ అని టీచరుగారు ఫోను మీద ఫోను చేస్తే ఇవాళ టేపు వచ్చింది. టీచరుగారు మంచం పక్కకి లాగి ‘చూడు’ అన్నారు. మనం అక్కడ ఆగాం.

టేపు చూసింది. చూసి, చూడకుండా ఉంటే బాగుండేదనుకుంది.

గోడకి బొచ్చు మొలిచింది. రొట్టెముక్కని డబ్బాలో మరిచిపోతే పడుతుందే, అదే బూజు, నల్లగా, మంచం పొడవునా. పైన పొడిగా ఉన్నచోట మసిలా ఉంది, కిందికి వచ్చేకొద్దీ తడిసి జిగటగా మెరుస్తోంది. గోడ మూల నుంచి పరుపు అంచుకి కూడా పాకింది. తడిగుడ్డలు మూటగట్టి రోజుల తరబడి మూల పడేస్తే వచ్చే కంపు గదంతా. గోడ ఎంత మెత్తబడిందో చూద్దామని టేపు అలవాటు కొద్దీ వేలు పెట్టింది. వేలు లోపలికి దిగింది. చటుక్కున లాక్కుని ప్యాంటుకి తుడుచుకుంది, తర్వాత ఆ ప్యాంటుతోనే ఇంటికి వెళ్ళాలన్న సంగతి గుర్తొచ్చి ఒళ్ళంతా కంపరమెత్తింది.

“మీ పనివాళ్ళు వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ గోడలకి చెమటలు పడుతున్నాయమ్మా,” అన్నారు టీచరుగారు. “ఈ వయసులో నాకు పట్టాల్సిన చెమటలన్నీ వాటికే.”

“మీరు ఈ గదిలోనే పడుకుంటున్నారా?”

“ఇంకెక్కడ పడుకోను? ఉన్నదే ఒక పడగ్గది. అదీ గాక, నా బాధ ఈ బూజు కాదు. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది. వాంతి వచ్చినట్టుంటుంది, రాదు. కూరగాయల కొట్టుకి వెళ్తే తగ్గిపోతుంది. ఇంటికొచ్చి కూర్చుంటే మళ్ళీ మొదలు. డాక్టరేమో వయసండీ అంటాడు. కొట్టుకి వెళ్ళేసరికి నా వయసు తగ్గుతోందా?”

టేపు నవ్వబోయి ఆగిపోయింది. గోడ మీది బూజు కన్నా ఆ మాట ఎక్కువ వణికించింది ఆమెను. సంచిలోంచి అరచేతిలో పట్టే గాలి మీటరు తీసి హాల్లోకి నడిచింది. మూల గ్యాస్ హీటరు మండుతోంది. నీలంగా ఉండాల్సిన మంట పసుప్పచ్చగా, బద్ధకంగా ఊగుతోంది. మీటరు అక్కడికి చేరకముందే కూత పెట్టింది.

ఆ తర్వాత ఏం చేసిందో టేపుకే సరిగ్గా తెలియదు. హీటరు కట్టేసింది. కిటికీ తీయబోతే రాలేదు. రెక్క చుట్టూ కొత్తగా అంటించిన రబ్బరు పట్టీ గమ్‌తో కరుచుకుని ఉంది. కాలు గోడకి తన్నిపెట్టి లాగితే పట్టీ చీరుకుంటూ ఊడి వచ్చింది. చలిగాలి మొహాన కొట్టింది. వంటింటి కిటికీ, స్నానాల గది కిటికీ, వీధి తలుపు, అన్నీ బార్లా తెరిచాక గానీ మీటరు నోరు మూయలేదు.

“మంట సరిగ్గా మండటానికి గాలి చాలట్లేదు టీచరుగారూ. అలా మండితే విషపు గాలి వస్తుంది. రంగుండదు, వాసనుండదు. మీరు కూరగాయలకి వెళ్ళడం మానేసి ఉంటే...” టేపు మిగతాది మింగేసింది.

టీచరుగారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. “ముందు మీ పుస్తకంలో నా ఇల్లు ఎలా ఉందో చూపించు,” అన్నారు. పుస్తకమంటే టాబ్లెట్టు.

అప్పుడే టేపు ఫోను గుర్రుమంది. చెల్లెలు ఫొటో పంపింది. దుప్పట్లో చుట్టిన పాప, ముక్కు మాత్రం బయటికి కనిపిస్తోంది. ‘మీ చిట్టి బజ్జుంది, ఇల్లు వెచ్చగా భలే ఉంది’ అని కింద రాసింది. ఈ కంపులో అదొక్కటి కంటికి చల్లగా తోచింది. చెల్లెలి ఇల్లు బాబాయి స్వయంగా కొలిచాడు కాబట్టి దాని గురించి టేపుకి రవ్వంత అనుమానం కూడా రాలేదు. ఫోను జేబులో పెట్టేసి టాబ్లెట్టులో టీచరుగారి ఇంటి జాతకం తెరిచింది.

తెర మీద ఇల్లు వచ్చింది. హాలు, పడగ్గది, వంటిల్లు, స్నానాల గది. పైన మూల ఆకుపచ్చ టిక్కు. ఆ పచ్చ టిక్కు సంగతి ఇక్కడ చెప్పాలి. గ్యాస్ హీటరున్న ఇంట్లో సందులన్నీ మూసేస్తూ, బయటి గాలి రావడానికి ఒక్క దారి కూడా వదలకపోతే జాతకం ఒప్పుకోదు. ఎర్రగా అరిచి, గోడకి గాలి గొట్టం పెట్టండి, లేకపోతే పని మొదలుపెట్టకండి అంటుంది. ఎలా చూసినా ఈ ఇంటికి ఎర్రే రావాలి. పచ్చ వచ్చి కూర్చుంది.

టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని, పిల్లల పరీక్ష పేపరు దిద్దుతున్నంత శ్రద్ధగా తెర మీదికి వంగారు. “తప్పు,” అన్నారు వెంటనే. “నా వంటింటికి బయటికి తలుపేమిటి? నాలుగో అంతస్తు వంటింట్లోంచి తలుపు తీసుకుని ఎక్కడికి వెళ్తాను, పైకా?”

“ఏదీ?”

“ఇదిగో. దానికి మళ్ళీ కింద చిన్న గడి కూడా గీశారు. ఏమిటమ్మా ఈ గడి?”

టేపు ఆ గడి మీద వేలు పెట్టింది. ఒక చీటీ తెరుచుకుంది. అందులో ఉన్న మాటలు చదవగానే ఆమె మెడ వెనక వెంట్రుకలు లేచి నిలుచున్నాయి. ఆ మాటలు ఎవరివో ఆమెకి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఆమెవే.

‘పిల్లి కన్నం. మూయకండి, దొరసాని వస్తుంది.’

దొరసాని అంటే నాయనమ్మ పెంచుకున్న కుంటి పిల్లి. టేపు పని నేర్చుకునేటప్పుడు మొట్టమొదట కొలిచిన ఇల్లు నాయనమ్మది. ఇంట్లో చలి దూరే సందులన్నీ మూసేద్దాం నాయనమ్మా అంటే, అన్నీ మూసుకోండి గానీ వంటింటి తలుపుకున్న కన్నం జోలికొస్తే చంపేస్తానంది ఆవిడ. దొరసాని రాత్రిళ్ళు ఊరు తిరిగి తెల్లారి అందులోంచే ఇల్లు చేరుతుంది మరి. టేపు నవ్వుకుంటూ ఆ కన్నాన్ని కొలిచి, ఎప్పుడూ తెరిచి ఉండే గాలి దారిగా ఎక్కించి, పనివాళ్ళు పొరపాటున మూసేస్తారేమోనని ఆ చీటీ తగిలించింది. పని శుభ్రంగా చేసిందని బాబాయి తెగ మెచ్చుకుని, కొత్తగా చేరేవాళ్ళు చూసి నేర్చుకోడానికి ఆ ఇంటినే నమూనాగా దాచమన్నాడు. తర్వాత నాయనమ్మ పోయింది, దొరసానీ పోయింది. కన్నం మాత్రం బతికే ఉంది.

“నాకు పిల్లులంటే అసహ్యం,” అన్నారు టీచరుగారు. “చుట్టుపక్కలకి కూడా రానివ్వను.”

“మీ ఇల్లు ఎవరూ కొలవలేదు టీచరుగారూ. ఫ్యాను తెచ్చి మీ వీధి తలుపులో పెట్టారా?”

“ఫ్యానేమిటి? ఒకతను వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఫొటోలు తీసుకున్నాడు. కాఫీ ఇస్తే తాగి వెళ్ళాడు.”

ఆవిడని పక్కింటివాళ్ళకి అప్పగించి, హీటరు ముట్టుకోవద్దని ఒకటికి పదిసార్లు చెప్పి, టేపు మెట్లు దిగుతూ టాబ్లెట్టులో చేతికి వచ్చిన ఇల్లు వచ్చినట్టు తెరిచి చూసింది. వంతెన అవతలి ఇల్లు. పిల్లి కన్నం. బట్టల దుకాణం పైనున్న ఇల్లు. పిల్లి కన్నం. అద్దె గదుల మేడలో ఏ గది తెరిచినా పిల్లి కన్నం, పచ్చ టిక్కు, ‘దొరసాని వస్తుంది’. తను ముద్దుగా రాసిన మాట, నాయనమ్మ నవ్వాలని రాసిన మాట, ఊరందరి ఇళ్ళలోకీ దూరి కూర్చుంది. ఒక మెట్టు మీద ఆగి రైలింగు పట్టుకుంది టేపు. ఇందాక బూజులో దిగిన వేలిని మళ్ళీ ప్యాంటుకి తుడుచుకుంది.

ఆఫీసు పెద్ద వీధిలో కింది అంతస్తులో ఉంటుంది. అద్దం మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ, ‘చలికి సెలవు!’ అని పెద్దక్షరాలు. లోపల గోడల నిండా రబ్బరు పట్టీలు, అద్దాల నమూనాలు. ఇంకా లోపలున్నది బాబాయి గది. లోకమంతటికీ సందులు మూసే ఆ మహానుభావుడి గదిలో కిటికీ మాత్రం చలికాలమంతా తెరిచే ఉంటుంది. మూస్తే ఆయనకి ఊపిరాడదట.

టేపు వెళ్ళేసరికి బాబాయి మేజోడు విప్పి, పాదం బల్ల అంచున పెట్టుకుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఊడిన గోళ్ళు అద్దాల నమూనా మీద కుప్పగా పోస్తున్నాడు. ఒకటి ఎగిరి కీబోర్డులో పడింది. చిన్నప్పుడు అదే చేత్తో ఆయన తన నోట్లో చాక్లెట్లు పెట్టిన సంగతి గుర్తొచ్చి టేపు మొహం తిప్పుకుంది.

“రావే టేపూ. టీచరు ఏమంటుంది? గోడలు ఏడుస్తున్నాయటా?”

“మీటరు ఏడ్చింది బాబాయ్. హీటరు కట్టేసి వచ్చాను. ఆవిడ రోజూ విషం పీలుస్తోంది.”

“కిటికీ కాస్త తీసి పెట్టుకోమను.”

“చలికాలంలో కిటికీలు తీసి పెట్టుకోడానికా ఆవిడ మనల్ని పిలిచింది?”

“అబ్బబ్బ. ముసలాళ్ళకి ఏదో ఒక నొప్పి ఉంటూనే ఉంటుందమ్మా. నొప్పి లేకపోతే తోచదు వాళ్ళకి.” టక్కుమని ఇంకో గోరు ఊడింది.

టేపు టాబ్లెట్టు ఆయన పాదం పక్కన పెట్టింది. “ఈ పిల్లి ఎవరిదో చెప్పు.”

బాబాయి కళ్ళు చికిలించి చూశాడు. మొహం విప్పారింది. “దొరసాని!” అన్నాడు ముద్దుగా. “అమ్మ దీనికి మీగడ పెట్టేదే! కడుపున పుట్టినందుకు నాకు పెట్టేది కాదు, ఈ కుంటిదానికి పెట్టేది.” పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు నిజమైనదే. టేపుకి దాన్ని చూసే ఎక్కువ రోత పుట్టింది. అబద్ధపు నవ్వయితే భరించేది.

“దొరసాని ఊరంతా తిరుగుతోంది. నాలుగో అంతస్తులో కూడా ఉంది. లిఫ్టులో వెళ్తోందా బాబాయ్?”

“ఓ, దాని గురించా?” ఆయన నవ్వు ఆపలేదు. “నమూనా కాపీ చేసుకుని పని కానివ్వమని నేనే చెప్పా. ఇంటింటికీ ఫ్యాను మోసుకెళ్ళి బిగించుకుని కూర్చుంటే పని ఎప్పటికి తెములుతుంది? ఇళ్ళన్నీ ఒకటేనే. నాలుగు గోడలు, పైన కప్పు.”

“కన్నం?”

బాబాయి గోళ్ళకత్తెర పక్కన పెట్టలేదు గానీ గొంతు తగ్గించాడు. మంచి చెడ్డ బోధించే పెద్దరికపు గొంతు అది. “కన్నం ఉంటేనే పచ్చ వస్తుందమ్మా. ఒకసారి తీసేసి చూశా. ఎర్రగా కేకలు పెట్టింది. ప్రతి ఇంటికీ గోడ తొలిచి గాలి గొట్టం పెట్టమంటుంది. చలి ఆపండి బాబూ అని పిలిచి, మళ్ళీ గోడకి కన్నం పెడతామంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? పనే వద్దంటుంది. పచ్చ రాకపోతే సబ్సిడీ ఆఫీసు సంతకం పెట్టదు, మనకి డబ్బు రాదు. అందుకని పిల్లిని ఉండనిచ్చా. పాపం, అదేం తింటుంది?”

ఇంతసేపూ టేపు మనసులో ఒక మూల చిన్న ఆశ ఉంది. ఎవరో సోమరిపోతు కాపీ కొట్టాడు, బాబాయికి తెలియదు, తెలిస్తే వాణ్ణి చెడామడా తిడతాడు అని. ఆ ఆశ కూడా ఆ గోళ్ళ కుప్పలోకి పోయింది. ఈయన కన్నం తీసి చూశాడు. ఎర్రగా అరవడం చూశాడు. చూసి మళ్ళీ పెట్టాడు. సొంత తల్లి వంటింటి తలుపుని తెచ్చి ఊరందరి ఊపిరికీ అడ్డం పెట్టాడు.

“ఛీ,” అంది. ఆ మాట ఆయన్ని ఎప్పుడూ అనలేదు. అన్నాక ఇంకొకసారి అనాలనిపించింది. “ఛీ బాబాయ్. బయటివాళ్ళు గాలి లెక్కలంటూ నవ్వితే నేను వాళ్ళ మీద పడి పోట్లాడేదాన్ని. వాళ్ళే నిజం చెప్పారు.”

“అతి చెయ్యకు. ఎవరికేమైందిప్పుడు?”

“ఎవరికీ ఏమీ కాదని నీకంత ధీమా ఉంటే చెల్లెలి ఇంటికి నువ్వే ఎందుకు వెళ్ళావు? ఫ్యాను భుజాన వేసుకుని మెట్లెక్కావే, మీ వాళ్ళని పంపకుండా?”

ఆయన కాలు కింద పెట్టాడు. మొదటిసారి కొంచెం కోపం వచ్చింది. “అది నా కూతురు. చంటిపిల్ల ఉంది అక్కడ. పని వేరు, సొంత మనుషులు వేరు.”

అన్నాడు. ఏ సిగ్గూ లేకుండా, అదేదో ప్రేమ అన్నట్టు అన్నాడు. టీచరుగారు సొంత మనిషి కాదు గనక బూజు పక్కన పడుకోవచ్చు. టేపు ఆ మొహం వైపు చూడలేక కిటికీ వైపు చూసింది. బయటి చలిగాలికి పరదా ఊగుతోంది. ఆ గాలిలో కూడా టీచరుగారి గది కంపు కొడుతున్నట్టే అనిపించింది. ఇక ఇక్కడ నిలబడి చేసేదేమీ లేదు, సబ్సిడీ ఆఫీసుకి తనే వెళ్ళాలి, ప్రతి ఇంటికీ ఫోను చెయ్యాలి. టాబ్లెట్టు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది, ఎందుకంటే ఇన్నేళ్ళు ఈ పని చేసిన మనిషికి ఒక ప్రశ్న దానంతటదే వస్తుంది.

“చెల్లెలి ఇంటికి గాలి గొట్టం ఏ గోడకి పెట్టావు?”

“అక్కర్లేదంది.”

“ఎవరు?”

“జాతకం. నేను కొలిచి ఎక్కించగానే పచ్చ వచ్చేసింది. ఆ కట్టడం చూశావా, పాతది, గట్టిది.” ఆయన మళ్ళీ గర్వంగా వెనక్కి వాలాడు. “ఒక్క దొంగ అంకె లేదు. పిల్లి లేదు. ఒట్టు.”

“గ్యాస్ హీటరుంది. సందులన్నీ మూశావు. గొట్టం లేదు.” టేపు ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ వెనక్కి వచ్చింది. “మరి పచ్చ ఎలా వచ్చింది బాబాయ్?”

గోళ్ళకత్తెర బాబాయి చేతిలో అలాగే ఆగిపోయింది.

“కొత్త ఇల్లు అని నొక్కే మొదలుపెట్టా,” అన్నాడు. “ఖాళీ ఇల్లు. నమూనా జోలికే పోలేదు.”

టేపుకి ఇప్పుడర్థమైంది. దీనికి ముందు ఆయన ఆ బటను నొక్కి ఏళ్ళయింది. నమూనాని కాపీ చేసుకోమని ఆయన చెప్పాక, ప్రతిసారీ వెతుక్కోవడం ఎందుకని ఆఫీసువాళ్ళు దాన్నే బటనుకి తగిలించేశారు. కొత్త ఇల్లు అని నొక్కితే ఇప్పుడు ఖాళీ ఇల్లు రాదు. నాయనమ్మ ఇల్లు వస్తుంది. దాని గోడలు మార్చుకోవచ్చు, కిటికీలు మార్చుకోవచ్చు, ఫ్యాను చూపించిన అంకె వేసుకోవచ్చు. తలుపుల పేజీ మాత్రం అట్టడుగున మడిచి ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవరు.

టేపు తెరిచింది. చెల్లెలి ఇల్లు. బాబాయి చేత్తో ఎక్కించిన గోడలు, ఒక్క అంగుళం తేడా లేదు. కిటికీలు సరిగ్గా ఉన్నాయి. ఫ్యాను అంకె కూడా నిజమైనదే. అట్టడుగున మాత్రం, చెల్లెలి వంటింటికి లేని తలుపు, దాని కింద చిన్న గడి.

‘పిల్లి కన్నం. మూయకండి, దొరసాని వస్తుంది.’

బాబాయి ఆ మాటలు చదివాడు. “నేను కొలిచానే,” అన్నాడు. “నా చేత్తో కొలిచానే.” చిన్నపిల్లాడు బతిమాలినట్టు అన్నాడు. టేపుకి జాలి వెయ్యలేదు. జాలి పడే తీరిక కూడా లేదు. ఫోను తీసి చెల్లెలికి కలిపి, స్పీకరు పెట్టింది.

చాలాసేపు మోగింది.

“అక్కా...” గొంతు ఎక్కడో దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంది. “ఫొటో చూశావా?”

“చూశా. నువ్వు ముందు లేచి హీటరు కట్టెయ్. కిటికీ తియ్.”

“ఎందుక్కా? ఎంత వెచ్చగా ఉందో. నాకే పొద్దున్నుంచీ తల పగిలిపోతోంది. బాలింతలకి మామూలే అంది పక్కింటావిడ. చిట్టి మాత్రం భలే బుద్ధిగా పడుకుంది. పాలకి కూడా లేవలేదు. లేపినా లేవట్లేదు, మొద్దు.”

బాబాయి కుర్చీలోంచి లేచిన ఊపుకి అద్దం కింద పడింది. గోళ్ళన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి.

“కిటికీ తియ్యవే!” టేపు అరిచింది.

“నాన్న ముట్టుకోవద్దన్నాడుగా. గమ్ ఆరాలట. ఇందాక నేనే తీద్దామని చూశా, కరుచుకుపోయింది, రావట్లేదు.”

“పగలగొట్టమ్మా!” బాబాయి ఫోను మీద పడ్డాడు. “అద్దం పగలగొట్టు! ఏదుంటే అది తీసుకుని కొట్టు! పాపని తీసుకుని బయటికి రా తల్లీ!”

“ఏంటి నాన్నా, నువ్వే కదా...” చెల్లెలు చిన్నగా నవ్వబోయింది. “ఉండండి, వస్తా. కాళ్ళు తేలిపోతున్నాయి. ఒక్క నిమిషం కూర్చుని...”

ఫోను నేల మీద పడిన చప్పుడైంది.

ఆ తర్వాత చెల్లెలి గొంతు వినపడలేదు. పాప ఏడుపూ వినపడలేదు. ఆ వెచ్చటి ఇంట్లో హీటరు మండుతున్న చప్పుడు ఒక్కటే సన్నగా, బుస్సుమంటూ, ఫోనులోంచి వస్తోంది.